సీసం బుల్లెట్లు ఇంట్లో పోసుకోవాలంటే – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: డల్లాస్ దగ్గర ఉంటాం. గ్రీన్‌కార్డు వచ్చాక .38 స్పెషల్ రివాల్వర్ కొనుక్కున్నాను, శనివారాలు తుపాకీ కాల్చే రేంజికి వెళ్తుంటాను. అక్కడ ఒక పెద్దాయన సీసం కరిగించి, అచ్చులో తన బుల్లెట్లు తానే పోసుకుంటాడు. నాకూ మొదలుపెట్టాలని ఉంది. ఇంట్లో మూడేళ్ల పాప ఉంది, అందుకని మా ఆవిడ ససేమిరా అంటోంది. హెచ్‌-1బీ మీద వచ్చిన మా తమ్ముడు మాతోనే ఉంటున్నాడు, వాడూ చెయ్యేస్తానంటున్నాడు. నిజంగా అంత ప్రమాదమా?

జవాబు: ముందు మీ తమ్ముడి సంగతి తేలుద్దాం, ఎందుకంటే మనవాళ్లలో చాలామందికి తెలియని విషయం ఇదే. హెచ్‌-1బీ, ఎఫ్‌-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ అమ్యునిషన్ గానీ దగ్గర ఉంచుకోకూడదని అమెరికా ఫెడరల్ చట్టం చెబుతోంది. అమ్యునిషన్ అంటే నిండు తూటా ఒక్కటే అనుకోకండి, ఆ చట్టం ప్రకారం ఖాళీ కేసు (తూటా గుల్ల), ప్రైమర్ (పౌడర్‌ని అంటించే చిన్న బిళ్ల), పౌడర్ (తుపాకీ మందు), చివరికి విడి బుల్లెట్ (బయటికి దూసుకెళ్లే గుండు) కూడా అందులోకే వస్తాయి. చెల్లే హంటింగ్ లైసెన్సు ఉన్నవాళ్లకి మినహాయింపు లాంటివి ఉన్నాయి, కానీ ఇమిగ్రేషన్ లాయరును అడగకుండా వాటిని నమ్ముకుని దిగొద్దు. అంతవరకు మీ తమ్ముణ్ని ఈ పనికి దూరంగా ఉంచండి. మీకు గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి ఈ అడ్డంకి లేదు. సొంతానికి పోసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మడం మొదలుపెడితే మాత్రం కావాలి.

ఇక ప్రమాదం. అందరూ పొగ అంటే భయపడతారు, దుమ్మును పట్టించుకోరు. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, మరగాలంటే 1,749 డిగ్రీలు కావాలి, మనం పోసేది 345 నుంచి 400 మధ్య, కాబట్టి ఆ వేడికి ఆవిరయ్యే సీసం చాలా తక్కువ. అసలు హాని కరిగిన సీసం పైన తేలే బూడిదరంగు తెట్టుతో. అది పొడిలా రాలి చేతులకి, బట్టలకి, చెప్పులకి అంటుకుని ఇంట్లోకొస్తుంది. నేలమీద పాకి, ఆ చేతులే నోట్లో పెట్టుకునే పిల్లలకి అది నేరుగా కడుపులోకి వెళ్తుంది. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2021 నుంచి పిల్లల రక్తంలో డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాముల సీసం దాటితే జాగ్రత్తపడాలంటోంది, అసలు పిల్లలకి సురక్షితమైన మోతాదంటూ ఏదీ లేదని కూడా చెబుతోంది. అందుకే మీ ఆవిడ అభ్యంతరం నూటికి నూరుపాళ్లు న్యాయమైనది. ఇంటికి విడిగా, తలుపులు బార్లా తీసి గాలి ఆడించుకోగల షెడ్డు ఉంటేనే మొదలుపెట్టండి. అపార్ట్‌మెంట్ బాల్కనీలోనో, వంటగదిలోనో అయితే వద్దు, పోత పోసి లూబ్ (తుపాకీ గొట్టంలో సాఫీగా జారడానికి పూసే పూత) వేసిన బుల్లెట్లు రెడీమేడ్‌గా దొరుకుతాయి, అవి కొనుక్కోండి.

షెడ్డు ఉందనుకుందాం. ఆ పనికి బట్టలు, బూట్లు వేరే ఉండాలి, అవి ఇంట్లోకి రాకూడదు. పని మధ్యలో టీ, సిగరెట్ వద్దు. అయ్యాక సబ్బుతో చేతులు, మొహం కడుక్కోండి. తెట్టును మూత ఉన్న డబ్బాలో వెయ్యండి, నేలను ఊడవకండి, తడిగుడ్డతో తుడవండి. మొదలుపెట్టే ముందే మీరూ పాపా సీసం రక్తపరీక్ష చేయించుకుంటే, తర్వాత పోల్చుకోవడానికి ఉంటుంది.

రెండో శత్రువు నీళ్లు. కరిగిన సీసం అడుక్కి ఒక్క తడి ముక్క వెళ్లినా నీరు ఒక్కసారిగా ఆవిరై వెయ్యి రెట్లకు పైగా వ్యాకోచించి కుండలో ఉన్నదంతా మీమీదకి ఎగజిమ్ముతుంది. కొత్త సీసాన్ని ఎప్పుడూ చల్లటి కుండలోనే వేసి కరిగించండి. మొహానికి షీల్డు, మందపాటి గ్లవ్స్, నూలు ఫుల్ చొక్కా, తోలు బూట్లు తప్పనిసరి.

సామాన్లకి పెద్దగా ఖర్చుండదు. ఒక ఎలక్ట్రిక్ పాట్, థర్మామీటరు, లీ కంపెనీ రెండు గుంటల అల్యూమినియం అచ్చు చాలు. సీసం విషయంలో మాత్రం చౌకకి పోవద్దు, కొత్తవాళ్లు లోహాల పాళ్లు రాసిచ్చే దుకాణంలో కడ్డీలు కొనడమే మేలు. టైర్లకి కొట్టే పాత బ్యాలెన్సింగ్ వెయిట్లలో ఇప్పుడు జింకువి బాగా కలుస్తున్నాయి, జింకు 419 డిగ్రీల దగ్గర కరిగి సీసంలో కలిస్తే ఆ కుండంతా పోత సరిగ్గా రాదు. కారు బ్యాటరీ జోలికైతే అసలు వెళ్లొద్దు. దాని పలకల్లోని ఆంటిమొనీ, ఆర్సెనిక్ వల్ల ప్రాణం తీసే వాయువులు పుట్టొచ్చు.

అచ్చును వేడెక్కించాకే పొయ్యండి. బుల్లెట్ మీద ముడతలు పడితే అచ్చు చల్లగా ఉందని గానీ, లోపల నూనె మిగిలిందని గానీ అర్థం. మంచు పట్టినట్టు తెల్లగా వస్తే వేడి ఎక్కువైంది, అది చూడ్డానికి బాగోదు గానీ కాల్చడానికి పనికొస్తుంది.

ప్రశ్న: నా 9ఎంఎం పిస్టల్‌లో ఇంట్లో పోసిన బుల్లెట్లు వాడితే బ్యారెల్‌లో (తుపాకీ గొట్టంలో) సీసం పేరుకుంటోంది. లూబ్ ఇంకా ఎక్కువ వెయ్యాలా?

జవాబు: వద్దండీ. లూబ్ కన్నా ముందు కొలత చూడండి. బుల్లెట్ బ్యారెల్ కన్నా సన్నగా ఉంటే పక్కల సందుల్లోంచి వేడి గ్యాసు దూసుకెళ్లి సీసాన్ని కరిగించి గోడలకి పూస్తుంది, ఎంత లూబ్ పూసినా అది ఆగదు. మెత్తటి సీసం ముక్కను నూనె రాసిన బ్యారెల్‌లోంచి తోసి, ఆ ముక్క మందాన్ని మైక్రోమీటరుతో కొలవండి, తుపాకీలో తూటాలు లేవని రెండుసార్లు చూసుకున్నాకే. బుల్లెట్ దానికన్నా అంగుళంలో వెయ్యోవంతు లావుండాలి. మీ పిస్టల్ గ్లాక్ అయితే, పాలిగొనల్ బ్యారెల్ (లోపల పదునైన గాడులకి బదులు పలకలుగా ఉండేది) ఉన్నవాటిలో వట్టి సీసం బుల్లెట్లు వాడొద్దని కంపెనీయే చెబుతుంది.

కొలత కుదిరాక లూబ్ పని తేలికే. లిక్విడ్ అలాక్స్ అనే ద్రవ లూబ్ పలచగా పట్టించి రాత్రంతా ఆరనిస్తే సరిపోతుంది, బంగారు ఛాయ కనిపిస్తే చాలు, జిగురుగా ఉందంటే ఎక్కువైనట్టే. బుల్లెట్ చుట్టూ ఉండే గాడుల్లో నింపే పాత పద్ధతి కావాలంటే తేనెమైనం, అలాక్స్ సగం సగం కలిపింది ఇప్పటికీ బాగా నడుస్తుంది. పౌడర్ కోటింగ్ (తుపాకీ మందు కాదు, రంగుపొడి పూత) వేస్తే లూబే అక్కర్లేదు, కానీ దాన్ని దాదాపు 200 డిగ్రీల దగ్గర కాల్చే ఓవెన్‌లో ఇక జన్మలో తిండి వండకూడదు.

పేరుకున్న సీసాన్ని కాంస్యం బ్రష్‌తో రుద్ది తియ్యండి. వెనిగర్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి పోస్తే ఇట్టే పోతుందని చెప్పేవాళ్లుంటారు, పోతుంది కూడా, కానీ అందులో తయారయ్యేది లెడ్ అసిటేట్, నీళ్లలో కరిగి ఒంట్లోకి తేలిగ్గా చేరే విషం. దయచేసి ఆ పని చెయ్యకండి.

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా. నాన్నగారికి లైసెన్సు తుపాకీ ఉంది. మేం ఇక్కడ పోసుకోవచ్చా?

జవాబు: కుదరదు. మన ఆయుధాల చట్టం, 1959 ప్రకారం తుపాకీ ఉంచుకునే లైసెన్సు వేరు, తూటాలు తయారుచేసే లైసెన్సు వేరు. తూటాల విడిభాగాలు, వాటిని తయారుచేసే యంత్రాలు కూడా ఆ చట్టంలో అమ్యునిషన్ కిందే లెక్క, కాబట్టి అమెరికా నుంచి చుట్టాలతో అచ్చు తెప్పించుకునే ఆలోచనా వద్దు. లైసెన్సులో రాసిన మేరకు అధీకృత డీలరు దగ్గరే కొనండి. అమెరికా నుంచి సెలవులకి వచ్చేవాళ్లకీ ఒక మాట: రేంజికి వాడిన బ్యాగును శంషాబాద్ ప్రయాణానికి తేవద్దు, జేబు మూలలో మరిచిపోయిన ఒక్క తూటా దొరికినా పోలీసు కేసు దాకా వెళ్తుంది.