ఇంటి సెప్టిక్ ట్యాంకును కార్పొరేషన్ ఎందుకు తనిఖీ చేయాలి?

హనుమకొండలో సొంత ఇంటి ట్యాంకుతో కార్పొరేషన్‌కు ఏం పని అని మీరు అడిగారు. ట్యాంకు మీదే అయినా అందులోంచి వచ్చే నీరు మీ ప్రహరీ దగ్గర ఆగదు. భూగర్భ డ్రైనేజీ లేని వీధుల్లో అది మోరీలోకి, అక్కడి నుంచి నాలాలోకి చేరుతుంది. అందుకే గ్రేటర్ వరంగల్ మున్సిపల్ కార్పొరేషన్ 2016లోనే మలవ్యర్థాల నిర్వహణకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది.

తనిఖీలో ముఖ్యంగా చూడవలసింది అడుగున పేరుకున్న మడ్డిని. పొడవాటి కర్రకు తెల్లగుడ్డ చుట్టి అడుగుదాకా దించి తీస్తే, నల్లటి మరక ఎంత ఎత్తుకు అంటిందో మడ్డి అంత ఉన్నట్టు. అది ట్యాంకులో మూడో వంతుకు చేరితే ఖాళీ చేయించాలి. మామూలు కుటుంబానికి రెండు మూడేళ్లకొకసారి ఆ అవసరం వస్తుంది. 20 ఏళ్లుగా నిండనే లేదని గొప్పగా చెప్పుకునే ట్యాంకును నేనైతే ముందుగా అనుమానిస్తాను, ఎందుకంటే అడుగున కాంక్రీటు లేకపోతే మురుగు నేలలోకి ఇంకిపోయి పక్కింటి బోరును కూడా పాడుచేస్తుంది. మూత మీద టైల్స్ పరిచేస్తే ఏ తనిఖీ అయినా అక్కడే ఆగిపోతుంది.

రక్షణ పరికరాలు లేకుండా మనిషిని లోపలికి దించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. లైసెన్సు ఉన్న వాహనాన్నే పిలిపించి, ఆ లోడు అమ్మవారిపేట శుద్ధి కేంద్రానికి వెళ్తుందో లేదో డ్రైవరును అడగండి.