బానెట్ అందం మూసి చూడండి, పనితనం తెరిచి చూడండి

మీకు నచ్చిన కారుకి బానెట్ అంచులు ఫెండర్ల మీదకి, అంటే ముందు చక్రాల పైనుండే పక్క రేకుల మీదకి వంగి, ముక్కంతా ఒకే రేకులా ఉందన్నారు. మీ మెకానిక్ మాత్రం "దానికి రిపేరొస్తే నరకం, మామూలు బానెట్ ఉన్నది తీసుకోండి" అన్నాడని రాశారు. విజయవాడ ఆటోనగర్‌లో చాలా ఏళ్లు షెడ్డులో పనిచేసినవాణ్ని. నా లెక్కలో ఆయన మాట సగమే నిజం. దెబ్బ తగిలితే ఖర్చు ఎక్కువే. లోపలికి చెయ్యి పట్టకపోవడానికి మాత్రం కారణం ఆ ఆకారం కాదు.

మీరు చెప్పిన రకాన్ని క్లామ్‌షెల్ బానెట్ అంటారు. మామూలు కారులో బానెట్‌కీ ఫెండర్‌కీ మధ్య సందు పైనే కనిపిస్తుంది. ఇందులో ఆ సందు పక్కకి దిగిపోతుంది. అందుకే పైన గీత లేకుండా ముక్కు వెడల్పుగా, నిండుగా ఉంటుంది. 1970లో వచ్చిన మొదటి రేంజ్ రోవర్‌ది ఇదే తీరు, మన దగ్గర 2016లో వచ్చిన విటారా బ్రెజాదీ ఇదే. తెరిచినప్పుడు ఫెండర్ పై అంచు కూడా బానెట్‌తోపాటే లేస్తుంది కాబట్టి పక్కనుంచి వంగి పనిచేయడం నిజానికి సుఖం.

ఈ పద్ధతిని చివరిదాకా తీసుకెళ్లిన కారు ఒకటి మన దేశంలోనే తయారైంది, స్టాండర్డ్ హెరాల్డ్. ఇంగ్లండులో 1959లో ట్రయంఫ్ హెరాల్డ్‌గా వచ్చింది, తర్వాత మద్రాసులో కట్టారు. గీసినాయన ఇటలీకి చెందిన జొవాన్నీ మికెలోట్టి. పాత కార్లంటే ప్రాణం పెట్టే ఒకాయన తన హెరాల్డ్‌ని మా దగ్గరికి తెచ్చేవారు. రెండు పక్కలా కొక్కేలు విప్పి ఎత్తితే ఫెండర్లు, హెడ్‌లైట్లు అన్నీ కలిసి ముందుకి వాలిపోతాయి. ఇంజనుతోపాటు స్టీరింగ్, ముందు సస్పెన్షన్ అంతా ఆరుబయట ఉన్నట్టే. ముందు టైరు మీద కూర్చుని, నడుం వంచకుండా కార్బురేటర్ విప్పేవాళ్లం. ఇంత సుఖం నాకు మరే కారులోనూ దొరకలేదు. మూసినప్పుడు కూడా ఎంత అందమైన బండో! కానీ దాని బరువు మోసేది కింద ఉన్న విడి ఛాసిస్, అంటే ఇనుప చట్రం. ఇప్పటి కార్లలో బాడీయే ఛాసిస్ కాబట్టి ముక్కు మొత్తం ఎత్తేలా చేయడం కష్టం, ఖరీదు కూడా. పైగా ఎక్కడో చిన్న గుద్దు తగిలినా మొత్తం ముక్కుని తలుపులతో మళ్లీ సరిపెట్టుకోవాలి.

రిపేరుకి అసలు అడ్డు ఎక్కడంటే, పొట్టి ముక్కు. లోపల కాళ్లకి చోటు కావాలి, బయట కారు పొడవు పెరగకూడదు. అందుకని ముందు అద్దాన్ని ముందుకి జరుపుతారు, ఇంజన్ వెనక సగం అద్దం కిందికి పోతుంది. కొన్ని మోడళ్లలో ఆ వెనకవైపు చిన్న పనికి కూడా వైపర్లు పీకి, అద్దం కింద ఉండే నల్ల ప్లాస్టిక్ ప్యానెల్ ఊడదీయాలి. ఎండకి పెళుసెక్కిన క్లిప్పులు ఆ పనిలో విరగడం మామూలే. ఇక్కడ బానెట్ క్లామ్‌షెల్ అయినా, మామూలుదైనా తేడా ఏమీ ఉండదు.

హెడ్‌లైట్ బల్బు సంగతి మరీ బాధ. మా బావగారి చిన్న కారుకి ఎడమవైపు బల్బు పోయింది. మామూలు హెచ్ 4 బల్బే, పెద్ద ఖరీదు కాదు. బ్యాటరీకీ డూమ్‌కీ (హెడ్‌లైట్ గూడుకి) మధ్య అరచెయ్యి దూరడమే కష్టం. రబ్బరు తొడుగు తీశాక లోపలున్న తీగ క్లిప్పు కంటికి కనబడదు, వేలి కొసతో వెతికి నొక్కి పక్కకి జరపాలి. కొత్త బల్బు గాజుకి చెయ్యి తగలనివ్వకూడదు, వేలి జిడ్డు అంటితే అక్కడ వేడెక్కి తొందరగా పోతుంది. చివరికి బ్యాటరీ దించితేగానీ పని అవలేదు. కొన్ని కార్లలో ముందు బంపరే దించాలి. బల్బు కన్నా కూలీ ఎక్కువైతే ఎవరికైనా కడుపు మండుతుంది కదండీ.

బానెట్ ఎత్తుగా ఉంటే లోపల చోటు ఎక్కువని చాలామంది అనుకుంటారు. ఆ ఎత్తులో కొంత స్టైలు, కొంత భద్రత. నడిచేవాళ్లని కారు గుద్దితే తల బానెట్ మీద పడుతుంది. రేకు లోపలికి నొక్కుకుపోవాలంటే కింద ఇంజన్‌కి తగలకుండా ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ ప్రాణం కాపాడడానికి వదిలింది, దయచేసి అక్కడ అదనపు సామాన్లు బిగించకండి. బానెట్ మీది స్కూపులు, అంటే గాలి లోపలికి పోయే ఉబ్బెత్తు నోళ్లు కూడా అన్నీ ఉత్త అలంకారం కాదు. మొదటి తరం ఫార్చ్యూనర్ 3 లీటర్ల డీజిల్‌లో ఇంజన్ పైనున్న ఇంటర్‌కూలర్‌కి (ఇంజన్‌లోకి వెళ్లే గాలిని చల్లబరిచేదానికి) గాలి అందేది స్కూపు నుంచే. కాకపోతే డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు ముట్టుకోవాలంటే ముందు ఆ ఇంటర్‌కూలర్ దించాలి.

ఇక మీ మెకానిక్ చెప్పిన నిజం వైపు. క్లామ్‌షెల్ రేకు పెద్దది, అంచు బయటికి వస్తుంది. ట్రాఫిక్‌లో ఆటో రాసుకుపోతే మామూలు కారుకి ఫెండర్‌తో పోయేది, దీనికి బానెట్ అంచు కూడా నలగొచ్చు. అప్పుడు టింకరింగ్ రెండు చోట్ల. మెటాలిక్ రంగైతే బానెట్ అంతా స్ప్రే చేయకుండా షేడు కలవదు. పని అయ్యాక బండి తీసుకునేటప్పుడు రెండు పక్కలా సందులో వేలు పెట్టి పొడుగునా జరపండి. ఒకవైపు ఇరుకుగా, ఒకవైపు వెడల్పుగా ఉంటే అక్కడే నిలబడి సరిచేయించండి. కీళ్ల బోల్టులు వదులు చేసి జరిపితే చాలావరకు కుదురుతుంది.

నన్నడిగితే, బానెట్ ఆకారం ఒక్కదాని కోసం మీకు నచ్చిన కారు వదులుకోకండి. షోరూమ్‌కి మీ మెకానిక్‌నే వెంట తీసుకెళ్లి రెండు కార్లూ తెరిపించండి. రెండు డూమ్‌ల వెనక్కీ ఆయన చెయ్యి పెట్టి చూడమనండి. ఎయిర్ ఫిల్టర్, బ్రేక్ ఆయిల్ డబ్బా, ఫ్యూజ్ బాక్సు ఏదీ విప్పకుండా అందుతున్నాయా చూడమనండి. ఇంజన్ మీద ప్లాస్టిక్ మూత ఉంటే తీయించి, వెనక భాగం అద్దం కిందికి ఎంత పోయిందో మీరూ వంగి చూడండి. రెండూ ఇంచుమించు ఒకలాగే ఉంటే మీకు నచ్చిందే బుక్ చేసుకోండి, బంపర్ టు బంపర్ ఇన్సూరెన్స్ (విడిభాగాల అరుగుదల కోత లేకుండా ఇచ్చేది) మాత్రం వదలకండి. చూసొచ్చాక రెండు మోడళ్ల పేర్లూ ఇక్కడ రాస్తే నాకు తెలిసినంత చెబుతాను.