సంస్మరణ సభలో అన్నయ్య గురించి ఏం మాట్లాడాలి?

సందేహం: మా ఆఫీసులో నన్ను సొంత తమ్ముడిలా చూసుకున్న తెలుగాయన హఠాత్తుగా గుండెపోటుతో పోయారు. ఇంజనీరు. పిల్లలిద్దరు, అమ్మాయి హైస్కూల్లో, అబ్బాయి ఎలిమెంటరీలో. శనివారం ఫ్యూనరల్ హోమ్‌లో సభ. వదిన గారు నన్ను మాట్లాడమన్నారు, ఆబిచ్యువరీ (పోయినవారి గురించి అచ్చువేసే ప్రకటన) కూడా రాసిపెట్టమన్నారు. నేను అమెరికా వచ్చి ఏడాది కూడా కాలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

జవాబు: దేశం కాని దేశంలో అన్నలా నిలబడిన మనిషిని పోగొట్టుకున్నారు. మీ బాధ నాకు అర్థమవుతోంది. వదిన గారు ఇంతమందిలో మిమ్మల్ని అడిగారంటే ఊరికే అడగలేదు. కొత్తవాణ్ణని వెనకాడకండి, ఒప్పుకోండి.

ఇక్కడ జరిగే సభల్లో ఎక్కువమంది రెజ్యుమే చదివేస్తారు. ఏ కాలేజీ, ఏ కంపెనీ, ఏ హోదా, ఆఖర్న ‘చాలా మంచి మనిషి’. ముందు వరసలో కూర్చున్న పిల్లలకు అందులో కొత్త విషయం ఒక్కటీ ఉండదు. వాళ్లకు తెలిసింది పొద్దున వెళ్లి సాయంత్రం ఇంటికొచ్చే నాన్న. మధ్యలో ఆయన ఏ పని చేసేవాడో, తోటివాళ్లు ఆయన్ని ఎందుకు నమ్మేవారో వాళ్లకు తెలియదు. ఆ సంగతి తెలిసినవారు మీరు. ఇంట్లో ఆయన ఎలా ఉండేవారో కూడా భోజనాలకు వెళ్లి చూసినవారు. ఈ రెంటినీ కలపగలిగింది మీరే కాబట్టి ఆ పని చేయండి.

నాకు బాగా తెలిసిన ఒక స్ట్రక్చరల్ ఇంజనీరు గారు ఉండేవారు. వంతెనల పని. ఆయన సభకు తోటి ఉద్యోగి ఒకాయన పాత లెక్కల కాగితం ఒకటి పట్టుకొచ్చారు. లేత ఆకుపచ్చ గళ్ల కాగితం. పైన మూలన రెండు చిన్న గడులు, లెక్క వేసినవారికి ఒకటి, సరిచూసినవారికి ఒకటి. రెండో గడిలో ఆయన పొట్టి సంతకం, కింద తేదీ. ‘ఎంత తొందరున్నా సరే, మొత్తం లెక్క తాను మళ్లీ మొదటి నుంచి వేసుకుంటేగానీ ఈ గడిలో సంతకం పెట్టేవారు కాదు’ అన్నారాయన. అప్పుడు కూతురు లేచి, తన లెక్కల హోంవర్కు కింద కూడా నాన్న అదే సంతకం, అదే పద్ధతిలో తేదీ వేసేవారని చెప్పింది. తప్పు చేస్తే జవాబు చెప్పేవారు కాదట, ఏ మెట్టు దగ్గర దారి తప్పిందో అక్కడ పెన్సిల్‌తో సున్నా చుట్టి పక్కన కూర్చునేవారట. ఆయన ఎలాంటి ఇంజనీరో, ఎలాంటి తండ్రో వేరేగా చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

అలాంటిది ఒక్కటి దొరికితే చాలు. దొరకాలంటే అడిగే ప్రశ్న సరిగ్గా ఉండాలి. ‘ఆయన ఎలాంటివారు’ అంటే అందరూ మంచివారనే అంటారు. ‘ఆయన పట్టుకున్న తప్పు ఏదైనా గుర్తుందా, ఆయన మీకు నేర్పిన పని ఏమిటి’ అని ముగ్గురు నలుగురు సహోద్యోగులను అడగండి. ఆయన పేరు మీద పేటెంట్లు ఉన్నాయేమో చూడండి. అమెరికా పేటెంట్ల మీద ఇన్వెంటర్ల పేర్లు ఉంటాయి, ఎవరైనా వెతుక్కోవచ్చు. బయటకు రాని ప్రాజెక్టుల వివరాలు మాత్రం చెప్పకండి. వదిన గారిని శనివారం పూట ఇంట్లో ఆయన ఏం చేసేవారని అడగండి. లేని గొప్పలు వద్దు, పదిహేనేళ్ల పిల్ల ఇట్టే పట్టేస్తుంది.

నాలుగైదు నిమిషాలు మించకండి. పిల్లల కోసం, ఆఫీసువాళ్ల కోసం ఇంగ్లీషులో మాట్లాడి, రెండు మాటలు తెలుగులో ఆయన తల్లిదండ్రుల వైపు తిరిగినట్టు చెప్పండి. వాళ్లు లైవ్‌లో చూస్తూ ఉంటారు కదా. సభ పొద్దున పూట పెట్టించండి. వేసవిలో న్యూయార్కు సమయం పొద్దున పది గంటలైతే ఇండియాలో సాయంత్రం ఏడున్నర, పెద్దవాళ్లు మేలుకుని ఉంటారు.

ఆబిచ్యువరీలో పుట్టిన తేదీ పూర్తిగా వేయకండి, తల్లి పుట్టింటి పేరు, ఇంటి అడ్రసు అసలే వద్దు. పోయినవారి పేరుతో అప్పులు తీసే దొంగలకు అవే కావాలి. పుట్టిన సంవత్సరం చాలు. ఎక్కడా పెట్టక ముందే వదిన గారికి పైకి చదివి వినిపించండి.

ఇక కాగితాల సంగతి. ఇల్లే లోకంగా బతికిన మనిషికి మనం చేయగల అసలు సేవ ఇదేనని నా నమ్మకం. ఫ్యూనరల్ హోమ్ ఏ ఖర్చు ఎంతో విడివిడిగా రాసిన ధరల పట్టీ అడగ్గానే ఇవ్వాలి, 1984 నుంచి ఫెడరల్ నియమం అది. దహనానికి ఖరీదైన పెట్టె కొనక్కర్లేదు. డెత్ సర్టిఫికెట్ సర్టిఫైడ్ కాపీలు పది దాకా తీసుకోమనండి, బ్యాంకు, ఇన్సూరెన్స్, ఇండియాలో ఆస్తులు, అన్నిచోట్లా అడుగుతారు. హెచ్‌ఆర్‌ను గ్రూప్ లైఫ్ ఇన్సూరెన్స్ (కంపెనీ తీసిన జీవిత బీమా), 401(కె) అనే రిటైర్మెంట్ పొదుపు ఖాతా గురించి రాతపూర్వకంగా అడిగించండి. సోషల్ సెక్యూరిటీ, అంటే ప్రభుత్వ పెన్షన్ పథకానికి పదేళ్లు పనిచేసి ఉండాలని చాలామంది వదిలేస్తారు. పిల్లలకు, వాళ్లను పెంచుతున్న తల్లికి అంత అవసరం లేదు. పోయే ముందు మూడేళ్లలో ఏడాదిన్నర పని చేసి ఉన్నా నెలనెలా సర్వైవర్ బెనిఫిట్స్ (పోయినవారి కుటుంబానికిచ్చే భృతి) రావచ్చు. సోషల్ సెక్యూరిటీ ఒక్కసారిగా ఇచ్చే 255 డాలర్లతో వ్యవహారం ముగిసిందనుకోనివ్వకండి.

వదిన గారు, పిల్లలు హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగి మీద ఆధారపడిన కుటుంబ వీసా) మీద ఉంటే ఈ వారమే ఇమిగ్రేషన్ లాయరును కలవాలి, సభ అయ్యాక చూద్దాం అనుకోవద్దు. ఆయనకు కంపెనీ ఐ-140 (గ్రీన్ కార్డు కోసం వేసే పిటిషన్) వేసి ఉంటే, ఆయన పోయేనాటికి వాళ్లు అమెరికాలోనే ఉంటూ ఇంకా ఇక్కడే ఉంటుంటే, ఇమిగ్రేషన్ చట్టంలోని 204(ఎల్) సెక్షన్ కింద గ్రీన్ కార్డు ప్రక్రియ కొనసాగించమని కోరే వీలుంది. 2009లో వచ్చిన ఈ సెక్షన్ సంగతి తెలియక సామాన్లు సర్దుకుని వెళ్లిపోయే కుటుంబాలు ఉంటాయి. విరాళాల పేజీ పెడదామని ఎవరైనా అంటే, వదిన గారు సరేననేదాకా ఆపండి. డబ్బు నేరుగా ఆవిడ పేరనే చేరాలి.

చివరగా ఆయన డెస్కు. ఆఫీసు ల్యాప్‌టాప్ కంపెనీ వెనక్కి తీసుకుంటుంది, తర్వాత తుడిచేస్తుంది. అందులో పిల్లల ఫొటోలు ఉండొచ్చు. సభ దాకా ఆగకుండా రేపే మేనేజరుకు ఈమెయిల్ పెట్టి, సొంత ఫైళ్లు, ఫొటోలు తీసి వదిన గారికి పంపమని, డెస్కు మీది సొంత వస్తువులు మీ చేతికి ఇవ్వమని అడగండి.