గొప్ప ఆర్థికవేత్తల ఎదుగుదలలో గురువు పాత్ర ఎంత?

పెద్ద ఆర్థికవేత్తలు ఎదిగింది సొంత ప్రతిభ వల్లనా, గురువుల వల్లనా అని, పిహెచ్.డి.లో చేరేవారు గైడును చూడాలా, విశ్వవిద్యాలయం పేరును చూడాలా అని మీరు అడిగారు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి, ఇప్పుడు చిత్తూరులో డిగ్రీ విద్యార్థులకు అర్థశాస్త్రం బోధిస్తున్న నా అనుభవంలో గైడే ముఖ్యం.

గణాంకశాస్త్రం కోసం అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయ గణిత విభాగంలో చేరిన కెన్నెత్ ఆరోకు, అర్థశాస్త్రానికి మారితే ఫెలోషిప్ ఇప్పిస్తానని చెప్పి దారి మళ్లించినవారు అక్కడి ఆచార్యులు హెరాల్డ్ హోటెల్లింగ్. ఆ ఆరో దగ్గర హార్వర్డ్‌లో ఎరిక్ మాస్కిన్, మాస్కిన్ దగ్గర అభిజిత్ బెనర్జీ పరిశోధన చేశారు. బెనర్జీ, జాషువా ఆంగ్రిస్ట్‌ల పర్యవేక్షణలో ఎస్తేర్ డఫ్లో 1999లో ఎంఐటీ నుంచి డాక్టరేట్ పొందారు. ఆరోకు 1972లో, మాస్కిన్‌కు 2007లో, బెనర్జీ, డఫ్లోలకు 2019లో నోబెల్ వచ్చింది. చురుకైన విద్యార్థులు పేరున్న గురువులనే వెతుక్కుంటారు కాబట్టి ఈ ఘనతనంతా గురువులకే కట్టబెట్టలేం. అయినా హోటెల్లింగ్ ఆ రోజు ఆ మాట అనకపోయి ఉంటే ఆరో అర్థశాస్త్రంలోకి వచ్చేవారా అన్నది నేను తరచూ ఆలోచించే విషయం.

నా పరిశోధన తోతాపురి మామిడి ధరల మీద. మార్కెట్ ధరల పట్టికలన్నీ చక్కగా వేసుకుని వెళ్లినప్పుడు మా గైడు గారు వాటిని ఓపిగ్గా చూసి, దామలచెరువు మామిడి మండీలో తరుగు (తూకంలో కోత) ఎంత తీస్తున్నారో, కమీషన్ ఎవరి మీద పడుతోందో ఇందులో ఎక్కడుందని అడిగారు. ఆ ప్రశ్నతో మండీకి వెళ్లాకే, అడ్వాన్సు తీసుకున్న రైతు బయట మంచి ధర ఉన్నా అదే వ్యాపారికి కాయ ఎందుకు తోలుతున్నాడన్నది నా థీసిస్‌కు కేంద్రమైంది. లెక్కల్లో తడబడితే గణాంకశాస్త్ర విభాగంలోని అధ్యాపకుల దగ్గరికి ఆయనే స్వయంగా తీసుకెళ్లారు. నేటికీ ఆయనకు ఎంతో రుణపడి ఉన్నాను.

గైడుతో అభిప్రాయాలు కలవాలన్న నియమమేమీ లేదు. కేంబ్రిడ్జిలో అమర్త్య సేన్‌కు పర్యవేక్షకురాలైన జోన్ రాబిన్సన్‌కు, సేన్ ఇష్టపడ్డ సామాజిక ఎంపిక సిద్ధాంతం (వ్యక్తుల ఇష్టాలను కలిపి సమాజం నిర్ణయం ఎలా తీసుకోవాలన్న అధ్యయనం) మీద ఆసక్తి లేదు. ఆయన ఉత్పత్తి పద్ధతుల ఎంపికపై థీసిస్ పూర్తి చేసి, ఆ తర్వాత తన దారికి వెళ్లారు.

చేరేముందు ఆ గైడు దగ్గర ఇప్పుడున్న స్కాలర్లతో మాట్లాడండి. రాసిచ్చిన అధ్యాయం ఎన్నాళ్లకు తిరిగి వస్తుందో, మార్జిన్లలో ప్రశ్నలుంటాయా లేక సంతకమే ఉంటుందా, ఆయనతో విభేదించినవారి థీసిస్ సమర్పణ ఆలస్యమైందా అన్నవి తప్పక అడగండి.