సెలవురోజు రాసిన యాప్ ఎవరిది?

సందేహం: మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. బ్యాంకు రుణాల ప్రోగ్రాములు రాయడం నా పని. రాత్రుళ్లు, ఆదివారాలు కూర్చుని అపార్ట్‌మెంట్లకు వాటర్ ట్యాంకర్ల లెక్కలు చూసే యాప్ తయారుచేశాను. ఒక వారం మాత్రం ఆఫీసు ల్యాప్‌టాప్ వాడాను. వచ్చే నెల మానేస్తున్నాను. 'ఉద్యోగకాలంలో రాసిన కోడ్ అంతా కంపెనీదే' అన్న కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. పెట్టాలా?
- ఒక పాఠకుడు, కొండాపూర్

సలహా: ఉన్నది ఉన్నట్టుగా పెట్టకండి. కాపీరైట్ చట్టం, 1957 లెక్కలో కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా సాహిత్య రచనే (మీ యాప్, ఒక నవల అక్కడ పక్కపక్కనే కూర్చుంటాయి). వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా రాసినదానికి యజమాని తొలి హక్కుదారు అంటుంది సెక్షన్ 17(సి). 'ఉద్యోగంలో భాగంగా' వేరు, 'ఉద్యోగంలో ఉండగా' వేరు. ట్యాంకర్ల లెక్క మీకు అప్పజెప్పిన పని కాదు. ల్యాప్‌టాప్ వాడినంత మాత్రాన హక్కు చేతులు మారదు. కాకపోతే కంపెనీ నియమం తప్పారన్న మాట పడుతుంది, వాళ్ల వాదనకు అదొక పట్టు.

అసలు చిక్కంతా అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఉంటుంది. ముందుముందు రాయబోయే రచనల మీద హక్కును కూడా సంతకంతో రాసివ్వడానికి సెక్షన్ 18, 19 వీలిస్తాయి. అలా రాసిచ్చిన హక్కు, కాలం రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. 'శాశ్వతంగా, ప్రపంచమంతటా' అని రాసి ఉంటే ఆ వెసులుబాటు పోయినట్టే. 'కంపెనీ వ్యాపారానికి సంబంధించిన' అన్న షరతు ఉందేమో వెతకండి, ఉంటే మీ వైపు చాలా బలం. 'ఏ రచన అయినా' అని ఉంటే మాత్రం లెటర్‌తో లాయరు దగ్గరికి వెళ్లాకే అడుగు వేయండి.

ఆధారాల దగ్గర చాలామంది బోల్తాపడతారు. గిట్‌లో (కోడ్ మార్పులను నమోదుచేసే సాధనం) కమిట్ తేదీని, అంటే ఒక్కో మార్పు నమోదైన తేదీని, ఎవరైనా మార్చవచ్చు, అదొక్కటే చూపిస్తే అవతలి లాయరు కొట్టిపారేస్తాడు. డొమైన్ బిల్లు, సర్వర్ రసీదులు, ప్లే స్టోర్‌కు ఎక్కించిన తేదీలు మీరు మార్చలేనివి, అందుకే బరువు ఎక్కువ. ఆ వారం కమిట్లలో ఆఫీసు ఈమెయిల్ పడిందేమో చూడండి. పడితే పడనివ్వండి, చెరిపి తిరగరాయవద్దు. ఆ పని బయటపడితే మిగతా నిజం తేదీలనూ ఎవరూ నమ్మరు. ప్రింటవుట్లు కోర్టులో నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియం, 2023 సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువీకరించే సర్టిఫికెట్ జతచేయాలి. ఆఫీసు కోడ్ ఒక్క ఫైలు కూడా వెంట తెచ్చుకోకండి. ఐటీ చట్టం సెక్షన్ 43, 66 కింద కేసు మీ మీదికే తిరుగుతుంది.

కాగితం మీద 'దిగువ పేర్కొన్న నా సొంత యాప్ మినహా' అని రాసి, యాప్ పేరు, మొదలుపెట్టిన నెల చేర్చి సంతకం పెట్టండి. అదే విషయం హెచ్‌ఆర్‌కు ఈమెయిల్ చేయండి.

కాపీరైట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కావాలంటే ఫారం 14, రుసుము 500 రూపాయలు, సోర్స్ కోడ్ మొదటి 10, చివరి 10 పేజీలు. అభ్యంతరాలకు 30 రోజులు ఆగుతారు, కంపెనీ అప్పుడు అడ్డుపడవచ్చు.

కొత్త కంపెనీలో చేరేటప్పుడు ఆఫర్ లెటర్ మీద సంతకానికి ముందే ఈ యాప్‌ను మినహాయింపుల్లో రాయించుకోండి.