వైస్ ప్రెసిడెంట్‌కి కోచింగ్ ఎందుకు?

ప్రశ్న: విశాఖలో ఎంబీఏ హెచ్‌ఆర్ రెండో ఏడాది చదువుతున్నాను. నేను ఇంటర్న్‌షిప్ చేసిన కంపెనీలో ఒక వైస్ ప్రెసిడెంట్‌కి బయటినుంచి కోచ్‌ను పెట్టారు. లోపల ఏం జరుగుతుంది? సర్టిఫికెట్ కోర్సు చేసి నేనూ ఈ రంగంలోకి రావచ్చా?

జవాబు: కోచింగ్ అనగానే మనకు ఎంసెట్, గ్రూప్స్ గుర్తొస్తాయి. చెప్పేవారు ఒకరు, రాసుకునేవారు వందమంది. మీరు చూసిన కోచింగ్‌లో ఇది తిరగబడుతుంది. అధికారి మాట్లాడతారు, కోచ్ అడుగుతారు. పని ఆ అధికారికే బాగా తెలుసు. తన తీరు ఎదుటివాళ్లను ఎంత ఇబ్బంది పెడుతోందో మాత్రం, అంత పైకి వెళ్లాక మొహం మీద చెప్పేవారుండరు.

మొదట ముగ్గురి మధ్య ఒప్పందం జరుగుతుంది: అధికారి, కోచ్, డబ్బు కట్టే కంపెనీ. ఏం మారాలో కలిసి రాసుకుంటారు. తర్వాత పైవాళ్లు, తోటివాళ్లు, కింద పనిచేసేవాళ్ల అభిప్రాయాలు సేకరిస్తారు. దాన్నే 360 డిగ్రీల ఫీడ్‌బ్యాక్ అంటారు. ఆపైన సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది వరకు, రెండు మూడు వారాలకోసారి గంటో గంటన్నరో కూర్చుంటారు.

నేను హెచ్‌ఆర్‌లో ఉన్నప్పుడు ఒక డెలివరీ హెడ్‌కి, అంటే క్లయింట్ల ప్రాజెక్టులు పూర్తిచేయించే అధికారికి, కోచ్‌ను పెట్టాం. ఆ కోచ్ సోమవారం రివ్యూ మీటింగ్‌లో ఓ మూల కూర్చుని, ఆయన ఎదుటివాళ్ల మాటకు అడ్డం వెళ్లిన ప్రతిసారీ నోట్‌బుక్‌లో ఒక నిలువు గీత గీశారు. నలభై నిమిషాల్లో 19 గీతలు. తర్వాత ఆ పేజీ ముందుపెట్టి, "వీటిలో ఆగి వినాల్సినవి ఎన్ని?" అని మాత్రం అడిగారట. ఈ సంగతి నాకు చెప్పింది ఆ డెలివరీ హెడ్డే. కోచ్ చెప్పలేదు, చెప్పకూడదు కూడా. లక్ష్యాలేమిటి, సెషన్లు జరుగుతున్నాయా లేదా, అంతవరకే కంపెనీకి తెలియాలి. "ఆయన లోపల ఏమన్నారు?" అని హెచ్‌ఆర్ ఆరా తీయడం మొదలైతే ఆ అధికారి ఇక నోరు విప్పరు. సాగనంపాలని ముందే తేల్చుకున్న మనిషికి చివరి అవకాశం పేరుతో కోచ్‌ను పెట్టే కంపెనీలూ ఉన్నాయి. అది ఇద్దరికీ అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

కోచ్ ఉన్నారంటే మనిషిలో లోపముందని అనుకోకండి. 2001లో గూగుల్ సీఈఓగా వచ్చిన ఎరిక్ ష్మిట్‌ను కోచ్‌ను పెట్టుకోమంటే, తనకెందుకని మొదట నొచ్చుకున్నారు. ఆ తర్వాత బిల్ క్యాంప్‌బెల్ అనే కోచ్‌తో ఏళ్ల తరబడి పనిచేశారు. కోచ్‌ను పెట్టుకోమన్నదే తనకు అందిన గొప్ప సలహా అని ష్మిటే చెప్పారు. క్యాంప్‌బెల్ ఒకప్పుడు కొలంబియా యూనివర్సిటీలో అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్.

ఇక మీ సంగతి. ఐసీఎఫ్ (ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్) అనే అంతర్జాతీయ సంస్థ కోచ్‌లకు ఇచ్చే తొలి గుర్తింపు ఏసీసీ (అసోసియేట్ సర్టిఫైడ్ కోచ్)కే 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం కావాలి. తర్వాతి మెట్టు పీసీసీ (ప్రొఫెషనల్ సర్టిఫైడ్ కోచ్)కి 125 గంటల శిక్షణ, 500 గంటల అనుభవం. గంటలు పోగుచేసుకున్నా, పాతికేళ్లు ఉద్యోగం చేసిన మనిషి మీ ముందు మనసు విప్పాలంటే, టీమ్‌ను నడిపిన టెన్షన్, ఒకరిని ఉద్యోగంలోంచి తీసేయాల్సి వచ్చి నిద్రపట్టని రాత్రి మీకూ తెలిసి ఉండాలి. అందుకే చదువు అవగానే ఉద్యోగుల శిక్షణ చూసే లెర్నింగ్ అండ్ డెవలప్‌మెంట్ విభాగంలో ఉద్యోగం చూడండి. కోచ్‌ల ఎంపిక, ఒప్పందాలు, ఫీడ్‌బ్యాక్ సేకరణ చాలా కంపెనీల్లో అక్కడినుంచే నడుస్తాయి. కొన్నేళ్లకు మనుషులను నడిపే బాధ్యత అడిగి మరీ తీసుకోండి.

ఈలోగా ఒక పని చేయండి. ఈ వారం మీ రూమ్‌మేట్ ఏదైనా కష్టం చెప్పుకుంటే, పది నిమిషాలు సలహా ఇవ్వకుండా ప్రశ్నలే అడగండి. సలహా నాలుక చివరిదాకా వచ్చిన ప్రతిసారీ కాగితం మీద ఒక గీత పెట్టుకోండి.