మున్సిపల్ సర్వర్లో ఏజెన్సీ పెట్టిన ఎనీడెస్క్ సంగతి ముందు చూడండి

ప్రశ్న: మా మున్సిపాలిటీలో పన్నుల సాఫ్ట్‌వేర్, కెమెరాలు, హాజరు మిషన్లు అన్నీ బయటి ఏజెన్సీలవే. వాళ్ల వైపు నుంచి సైబర్ ముప్పు రాకుండా టెండర్లో ఏం రాయాలి?

టెండర్ తర్వాత. ముందు రెవెన్యూ సెక్షన్ సర్వర్ తెరవండి. ఏజెన్సీ వాళ్లు దూరం నుంచే దాన్ని నడపడానికి ఎనీడెస్క్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి ఉంటారు, దాంతో ఎవరెప్పుడు లోపలికొచ్చారో చూడాలి. సీ డ్రైవ్‌లో ప్రోగ్రామ్‌డేటా (హిడెన్‌లో ఉంటుంది), అందులో ఎనీడెస్క్, అందులో కనెక్షన్ ట్రేస్ అనే టెక్స్ట్ ఫైలు. ఒక్కో లైన్లో తేదీ, టైము, అవతలి ఐడీ, ఎలా లోపలికొచ్చారో ఉంటుంది. 'యూజర్' అని ఉంటే ఇక్కడ ఎవరో ఒప్పుకున్నట్టు. 'Passwd' (పాస్‌వర్డ్) అనో 'టోకెన్' (గుర్తుపెట్టిన పాస్‌వర్డ్) అనో ఉంటే కుర్చీలో ఎవరూ లేకపోయినా వచ్చినట్టు. గుంటూరైనా బెజవాడైనా ఈ రెండో రకమే ఎక్కువ.

కారణం తెలిసిందే. ఏప్రిల్లో ఏడాది ఇంటిపన్ను ఒకేసారి కడితే 5 శాతం రాయితీ. కౌంటర్ ముందు క్యూ ఉండగా రసీదు ప్రింటు ఆగిపోతుంది. బెంజి సర్కిల్ మెస్‌లో భోంచేస్తున్న ఏజెన్సీ కుర్రాడు ఫోన్లోంచే సరిచేయాలి. అందుకని పర్మనెంట్ పాస్‌వర్డ్ పెట్టేస్తారు, ఆ ఏజెన్సీ చూసే మిగతా ఊళ్లలోనూ అదే పెడతారు. కుర్రాడు ఉద్యోగం మానేసినా పాస్‌వర్డ్ మారదు. ఒక్క ఏజెన్సీ దెబ్బతింటే అది చూసే అందరికీ దెబ్బే: 2024 జులై చివర్లో బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఒక్క సంస్థ మీద రాన్సమ్‌వేర్ (డేటాకు తాళం వేసి డబ్బడిగే వైరస్) పడితే, యూపీఐ లాంటి చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ దాన్ని తన నెట్‌వర్క్ నుంచి విడగొట్టింది, దాదాపు 300 చిన్న బ్యాంకుల చెల్లింపులు ఆగాయి.

ఎనీడెస్క్ తీసేయండి, ఫైర్‌వాల్లోనూ ఆపించండి. బదులుగా వీపీఎన్ (బయటివాళ్లకు కనపడకుండా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే దారి): మనిషికో ఐడీ, ఓటీపీ, అడిగినప్పుడు రెండు గంటలు తెరిచి మూసేయడం. 'ఎస్ఏ' (డేటాబేస్ మీద సర్వాధికారాలున్న లాగిన్) పాస్‌వర్డ్ మారిస్తే సాఫ్ట్‌వేర్ ఆగిపోతుందని భయపెడతారు. అంటే దాన్ని కాన్ఫిగ్ ఫైల్లో రాసిపెట్టారన్నమాట. ఆ ఒక్క డేటాబేస్ వరకే హక్కున్న వేరే లాగిన్ చేయించి, అప్పుడు మార్చండి.

కెమెరాలు, హాజరు మిషన్లు వేరే వీలాన్‌లో (ఆఫీసు నెట్‌వర్క్ నుంచి విడదీసిన భాగంలో) పెట్టి, రౌటర్లో పోర్ట్ ఫార్వార్డింగ్ (ఇంటర్నెట్ నుంచి నేరుగా వాటి దగ్గరికి వచ్చే దారి) తీయించండి.

ఇక ఆడిట్ సర్టిఫికెట్ల తంతు. సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) గుర్తించిన ఆడిటర్ ఇచ్చిన కాగితం ఆరోజు చూసిన వెర్షన్‌కే వర్తిస్తుంది. మర్నాడే ఏజెన్సీ కొత్త బిల్డ్ ఎక్కిస్తుంది, కాగితం మాత్రం ఏడాదంతా ఫైల్లో మెరుస్తూనే ఉంటుంది. ఎల్‌1కే (అందరికన్నా తక్కువ రేటు వేసినవాళ్లకే) పని ఇవ్వాలన్న పట్టుదల ఉన్నంత కాలం ఇంతే.

టెండర్ అన్నారు కదా. సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లో ఆ సంస్థకు రిపోర్టు చేయాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. కాబట్టి ఏజెన్సీ మీకు 2 గంటల్లో చెప్పాలని రాయండి. మూణ్నెల్లకోసారి బ్యాకప్‌ని వేరే మిషన్లో రిస్టోర్ చేసి చూపించాలనీ రాయండి, సైజు చూపిస్తే ఒప్పుకోవద్దు. ఫైనల్ బిల్లుతో పాటు మూసేసిన ఐడీల లిస్టు, పూర్తి డేటాబేస్ కాపీ రాకపోతే అకౌంట్స్ సెక్షన్ ఫైలు వెనక్కి కొట్టాలి.